పట్టులో కుచ్చిళ్ళు: నిలపడం, విప్పడం

పట్టుబట్టను సన్నని మడతలుగా పేర్చి అవి చెదరకుండా నిలపడం రంగస్థల, నృత్య దుస్తులు కుట్టేవారి పనుల్లో కష్టమైనది. ఈ పని చరిత్రను శాశ్వతమైన కుచ్చిళ్ళ కోసం సాగిన అన్వేషణగా చెప్పడం వాడుక. సాక్ష్యాలు చూస్తే అలా అనిపించదు. పట్టు తనంతట తాను మడతను శాశ్వతంగా నిలుపుకోదు. దాన్ని నిలిపింది ఎప్పుడూ దారమో, గంజో, మెలిపెట్టి కట్టిన కట్టో. కాబట్టి మడత పెట్టడం, తీయడం రెండు వేర్వేరు విద్యలు కావు.

కారణం పోగులోనే ఉంది. పట్టు పోగు ఫైబ్రాయిన్ అనే ప్రోటీను. దాని అణుగొలుసులను దగ్గరగా పట్టి ఉంచేవి ముఖ్యంగా హైడ్రోజన్ బంధాలు. తేమా వేడీ తగిలితే ఈ బంధాలు కొంత సడలుతాయి, మడిచి ఆరబెడితే కొత్త స్థితిలో మళ్ళీ ముడిపడతాయి. ఇస్త్రీ మడత నిలిచేది ఇందువల్లే. అయితే మడతకు చోటిచ్చిన తేమే దాన్ని చెరిపేస్తుంది కూడా. మామూలు గాలిలోనే పట్టు తన బరువులో సుమారు 11 శాతం తేమను పట్టి ఉంచుతుంది కనుక ముసురులోనో నర్తకి చెమటలోనో కుచ్చిళ్ళు జారిపోవడం సహజం. ఉన్ని సంగతి వేరు. అందులో సిస్టీన్ వల్ల ఏర్పడే గంధకపు బంధాలు ఎక్కువ. వాటిని రసాయనంతో తెంచి ఆవిరితో కొత్త చోట ముడివేసే సైరోసెట్ పద్ధతిని ఆస్ట్రేలియాలోని పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. 1957లో తెచ్చింది. పట్టులో సిస్టీన్ దాదాపు లేదు, అందుకని ఆ దారి పట్టుకు పనికిరాదు. సెరిసిన్ అనే సహజమైన జిగురు తీయని ఆర్గంజా పట్టు కొంత బిరుసుగా నిలుస్తుంది గాని, వేడి సబ్బునీళ్ళలో ఆ జిగురూ కరిగిపోతుంది.

పట్టులో మడత శాశ్వతం కాదన్న మాటకు ఎదురుగా వెంటనే వినిపించే పేరు మరియానో ఫోర్టునీ. స్పెయిన్‌లోని గ్రనడాలో 1871లో పుట్టి వెనిస్‌లో స్థిరపడిన ఈ కళాకారుడి పేరుతో 1907 ప్రాంతంలో వెలువడిన డెల్ఫోస్ గౌను పైనుంచి కిందిదాకా సన్నని, ఎగుడుదిగుడు కుచ్చిళ్ళతో ఒంటికి అతుక్కుని జారుతుంది. గ్రీసులోని డెల్ఫీలో 1896లో తవ్వకాల్లో బయటపడిన రథసారథి కంచు విగ్రహం దానికి ప్రేరణ. 1909లో ఈ గౌనుకు పేటెంటు తీసుకున్నారు. ఆ పత్రం మీద ఫోర్టునీ స్వయంగా, దీన్ని కనిపెట్టింది తన సహచరి ఆన్రియెట్ అని రాసుకున్నారు. ఆమె పేరు ఇన్నాళ్ళు వెనకబడడం అన్యాయం. నూరేళ్ళు దాటినా మ్యూజియాల్లో ఆ గౌన్ల మడతలు నిలిచే ఉన్నాయి కదా, మరి అవి శాశ్వతం కావా అని అడగవచ్చు. కావు. ఆ గౌన్లను నూలు చిలపలా మెలితిప్పి గుండ్రని పెట్టెల్లో దాచేవారు. తడిసి మడత పోతే కొన్నవారు వాటిని మళ్ళీ వెనిస్‌కు పంపి వేయించుకునేవారు. అంటే మడతను కాపాడింది పోగు కాదు, పొడిగా ఉంచిన ఆ మెలికే.

వేడితోనే మడత కుదిరిపోయే బట్ట కావాలంటే పాలియెస్టరు ఉంది. జపాన్ రూపకర్త ఇస్సే మియాకే దుస్తులను అసలు కొలత కన్నా రెండు మూడు రెట్లు పెద్దగా కుట్టించి, తర్వాత ప్రెస్‌లో మడతలు పెట్టించారు. 1991లో విలియం ఫోర్సైత్ నడిపిన ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలే నర్తకులకు మియాకే ఇలాంటి దుస్తులు ఇచ్చారు. 1993లో ప్లీట్స్ ప్లీజ్ పేరుతో అవి బజారుకు వచ్చాయి. రోజూ ఉతికే దుస్తులకు ఇది మేలైన మార్గమే. కానీ మడత నిలిచిందని పాలియెస్టరును పట్టుకు బదులుగా లెక్కించలేం. పట్టు మెరుపు, ఒంటి మీద జారే తీరు, చెమటను పీల్చే గుణం అందులో లేవు.

కూచిపూడి, భరతనాట్యం ఆహార్యం ఈ సమస్యకు నిజాయితీ గల జవాబు చెప్పింది. కట్టుకునే చీర స్థానంలో 20వ శతాబ్దంలో కుట్టిన దుస్తులు వచ్చాక, మోకాళ్ళు వంచి నిలిచే అరమండి భంగిమలో విసనకర్రలా విచ్చుకునే ముందు కుచ్చిళ్ళను దర్జీలు ఇస్త్రీకి వదిలేయలేదు. పై అంచును నడుము పట్టీలో బిగించి, వెనక దారంతో ఒకదానికొకటి పట్టిస్తారు. అవి ఎంత విచ్చుకోవాలో నిర్ణయించేది ఆ కుట్టే. కుట్టు నర్తకి కదలికను బిగిస్తుందన్న అభ్యంతరం కుట్ల మధ్య ఎడం సరిగా లేనప్పుడే నిజం. జరీ అంచును గట్టిగా నొక్కి ఇస్త్రీ చేసి నిలపాలనుకుంటే మాత్రం లోహపు పోగు మడత దగ్గర విరుగుతుంది.

తేమతో పడిన మడతకూ పోగు విరిగిన మడతకూ ఉన్న తేడా విప్పేటప్పుడు బయటపడుతుంది. తేమతో పడిన మడత తేమతోనే పోతుంది. అందుకే మ్యూజియం సంరక్షకులు ఇస్త్రీ పెట్టకుండా గాలిలో తేమను మెల్లగా పెంచి, బట్ట మెత్తబడ్డాక తేలికపాటి బరువులు పెట్టి సాపు చేస్తారు. పోగు నలిగి తెగిన గీత ఏ ఆవిరికీ పోదు. 19వ శతాబ్దం చివర బరువు కోసం తగరపు లవణాలు ఎక్కించిన పట్టు దుస్తులు మడతల వెంటే చీలిపోయాయి. మన ఇళ్ళలో పట్టుచీరలకు అప్పుడప్పుడు మడతలు మార్చిపెట్టడం వెనక ఉన్న లెక్క ఇదే.

కాబట్టి ఆహార్యం కుట్టించేవారు దర్జీని రెండు మాటలు అడగాలి. కుచ్చిళ్ళను దారం పట్టి ఉంచుతోందా, గంజీ వేడీ పట్టి ఉంచుతున్నాయా? రేపు ఆ కుట్లు విప్పితే బట్ట చెడకుండా తిరిగి వస్తుందా? ఈ రెండో మాటకు సరైన జవాబు దొరక్కపోతే ఖరీదైన పట్టు మీద కత్తెర పెట్టనివ్వకండి.