పొదిగే పాము: ఒక కంటిసాక్ష్యం శాస్త్రంగా మారిన తీరు

ఉపోద్ఘాతం:

ఆదిపర్వంలోని కద్రూవినతల కథను తరగతిలో చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. కద్రువ వేయి గుడ్లు పెట్టింది. వాటిని వెచ్చని కుండలలో భద్రపరిచారు. అయిదు వందల ఏండ్లకు నాగులు పుట్టారు. వినత మాత్రం ఆగలేక ఒక గుడ్డును ముందే చిదిమింది, అనూరుడు సగం దేహంతో పుట్టాడు. “కోడి పొదుగుతుంది కదా, పాము ఎందుకు పొదగదు? కుండలు ఎందుకు కావలసి వచ్చాయి?” అని ఆ అమ్మాయి ప్రశ్న. పాముది చల్లని రక్తం, గుడ్లు పెట్టి వదిలిపోతుంది, పొదగడం పక్షుల పని అని జవాబిచ్చాను. ఆ జవాబు తప్పు. సరిగ్గా ఆ తప్పే పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు కూడా చేసిందని తరువాతి చదువులో తెలిసింది. పరిషత్తు చేసిన తప్పు నా తప్పుకు సమర్థన కాదు గాని, ఆ చరిత్ర చెప్పుకోదగినది.

పేర్ల చిక్కు:

ముందుగా పేర్ల సంగతి తేల్చుకోవాలి. తెలుగు పత్రికలలో, అనువాదాలలో బోవా, పైథాన్ అనే రెండింటినీ ‘కొండచిలువ’ అనడం పరిపాటి. చిలువ అంటే పాము. ‘పెనుబాము’, ‘అజగరం’ అనే మాటలూ ఇలాగే రెండింటికీ వాడుకలో ఉన్నాయి. ఇది తెలుగువారి పొరపాటు మాత్రమే కాదు. 1758లో లిన్నేయస్ ‘బోవా కన్‌స్ట్రిక్టర్’కు పేరు పెట్టినప్పుడు అమెరికా ఖండానికి చెందిన ఆ పాము నివాసాన్ని ఇండియాగా నమోదు చేశాడు. మన కొండచిలువను ‘కోలుబర్’ అనే మరో ప్రజాతిలో చేర్చాడు. ‘పైథాన్’ అనే ప్రజాతి నామాన్ని దోదాఁ 1803లో గాని ఏర్పరచలేదు. ఈ మధ్యకాలంలో వచ్చిన ఒక గ్రంథం మనకు ముఖ్యం. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములపై 1796లో ప్రచురించిన పుస్తకంలో పాముల పేర్లను స్థానికుల నోట విన్నట్లుగానే రాసుకున్నాడు. కొండచిలువకు అతడు నమోదు చేసిన పేరు ‘పెద్ద పొడ’. పొడ అంటే మచ్చ. రక్తపింజరకు రాసిన ‘కాటుక రేకుల పొడ’లోనూ అదే మాట ఉంది. ఒంటి మీది మచ్చలను బట్టి పాములను వర్గీకరించే తెలుగు పద్ధతి ఈ రెండు పేర్లలో స్పష్టంగా కనిపిస్తుంది.

బోవా, పైథాన్‌ల తేడా పేరుతో ఆగేది కాదు. అది తల్లితనంలో ఉన్న తేడా. పైథాన్లన్నీ గుడ్లు పెడతాయి. బోవాలలో అత్యధికం పిల్లలను పెడతాయి. మన నేలలో ఉన్న బోవా జాతి ఇసుక బోవా. వాటిలో తెలుగువారికి బాగా తెలిసినది రెండుతలల పాము. దీనిని తరంగంబాడిలో ఉన్న మతబోధకుడు క్రిస్టోఫ్ సామ్యుల్ జాన్ పేరు మీద రస్సెల్ 1801లో ‘బోవా జోనియై’ అన్నాడు. ఇదీ పిల్లలనే పెడుతుంది. పాములన్నింటినీ ‘అండజాలు’ అనే ఒకే మాటతో సరిపెట్టే మన పాత విభజన ఇక్కడ నిలవదు.

కంటితో చూసినవాడు:

1830ల తొలినాళ్లలో లమార్-పికో అనే యాత్రికుడు పారిస్ విజ్ఞాన పరిషత్తు ముందుకు ఒక వార్త తెచ్చాడు. అతడు భారతదేశంలో సంచరించినవాడు. ఇక్కడి కొండచిలువ తన గుడ్ల చుట్టూ చుట్టలు చుట్టుకొని, వాటికి తన ఒంటి వేడినిచ్చి పొదుగుతుందని అతని వాదన. పరిషత్తు దీనిని అంగీకరించలేదు. సరీసృపాలపై బహుసంపుటాల మహాగ్రంథాన్ని వెలువరిస్తున్న ద్యూమెరిల్ ఇందులో ప్రధాన ప్రతిపక్షి. అతని అభ్యంతరం హేతుబద్ధమైనదే. పాముకు పరిసరాల వేడి తప్ప సొంత వేడి లేదు. లేని వేడిని గుడ్లకు ఎలా ఇస్తుంది? నిజానికి లమార్-పికో దగ్గర చూపు ఉంది గాని ఉష్ణమాపకం లెక్కలు లేవు. ఆనాటి శాస్త్రానికి అంకె లేని సాక్ష్యం ప్రయాణికుల కట్టుకథతో సమానం.

పదేళ్లు తిరక్కముందే జవాబు వారి ఇంటి ముంగిట్లోనే దొరికింది. పారిస్‌లోని జార్దాఁ దె ప్లాంత్ జంతుశాలలో పెంపకంలో ఉన్న ఒక కొండచిలువ 1841 మే 6న 15 గుడ్లు పెట్టింది. అది రెండు చారల పైథాన్, అంటే ఇప్పుడు బర్మా కొండచిలువ అంటున్నది. గుడ్లు పెట్టగానే వాటిని ఒక కుప్పగా చేర్చి, చుట్టూ చుట్టలుగా పేర్చుకొని, పైన తలపెట్టి కూర్చుంది. కువియేతో కలిసి చేపల మహాగ్రంథాన్ని రాసిన అషీల్ వాలెన్సియెన్ ఈ అవకాశాన్ని జారవిడువలేదు. చుట్టల మడతల మధ్య ఉష్ణమాపకం ఉంచి, రోజుల తరబడి కొలతలు తీసుకున్నాడు. పాము ఒంటి మడతలలో వేడి బయటి వేడికన్నా స్పష్టంగా ఎక్కువగా ఉంది. ఈ కాలమంతా ఆ తల్లి ఆహారం ముట్టలేదు, నీళ్లు మాత్రం తాగింది. సుమారు 56 రోజుల తరువాత, జూలై తొలినాళ్లలో, 15 గుడ్లలో 8 పొదిగి పిల్లలయ్యాయి. వాలెన్సియెన్ నివేదిక అదే ఏడాది పరిషత్తు పత్రికలో అచ్చయింది.

ద్యూమెరిల్ ఒప్పుకోలేదు. గుడ్లలో పుట్టే వేడిపై, తల్లికి ఆపాదించిన పాత్రపై అతడు 1842లో విడిగా వ్యాసం రాశాడు. దీనిని మొండితనంగా తీసిపారేయడం సులువు. కాని జంతుశాలలో పాములకు కింద నుంచి వెచ్చదనం ఇచ్చే ఏర్పాట్లు ఉండేవి. ఆ వేడి తల్లిదా, పెట్టెదా, గుడ్లలో పెరుగుతున్న పిండాలదా అన్నది ఒక్క ఉష్ణమాపకంతో తేలేది కాదు. లండన్ జంతుశాలలో 1862లో ఒక ఆఫ్రికా కొండచిలువ పొదుగుడుకు కూర్చున్నప్పుడు స్క్లేటర్ మరొక మెట్టు ఎక్కాడు. పొదిగే ఆడదాని ఒంటి వేడిని అక్కడే ఉన్న మగదాని వేడితో పోల్చి చూశాడు. ఆడదానిదే ఎక్కువ. గుడ్లు మాత్రం పిల్లలు కాలేదు. పోలిక అనే పద్ధతి ఈ వివాదంలోకి వచ్చింది ఇక్కడే, అందుకే పిల్లలు దక్కని ఆ పొదుగుడుకు చరిత్రలో చోటుంది.

వణుకు:

అసలు లెక్క తేలడానికి మరో వందేళ్లు పట్టింది. న్యూయార్క్‌లో హచిసన్, డౌలింగ్, వినెగర్ అనే ముగ్గురు ఒక పొదిగే కొండచిలువ పీల్చే ఆమ్లజనిని, ఒంటి వేడిని వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కొలిచి, ఫలితాలను 1966లో ప్రకటించారు. పరిసరాల వేడి 33 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గినప్పుడు పాము కండరాలు ఉండుండి ముడుచుకుంటున్నాయి. ఆ వణుకుతో ఆమ్లజని ఖర్చు పెరుగుతోంది, ఒళ్లు వేడెక్కుతోంది. చలి ముదిరిన కొద్దీ వణుకు కూడా ముమ్మరమవుతోంది. చలిలో మనం వణికేదీ వేడి కోసమే. ద్యూమెరిల్ ‘లేని వేడి’ అన్నది తల్లి కండరాలలో ఉంది, అదీ పొదిగే రోజులలో మాత్రమే.

పైథాన్లన్నీ ఇలా చేయవు. ఆస్ట్రేలియాకు చెందిన చిల్డ్రన్స్ పైథాన్ చుట్టలు చుట్టుకొనేది ప్రధానంగా గుడ్ల చెమ్మ ఆరిపోకుండా కాపాడడానికని తరువాతి పరిశోధనలు చెప్పాయి. (ఆ పేరులో పిల్లలెవరూ లేరు, చిల్డ్రన్ అనేది ఒక ఇంటిపేరు.) దక్షిణాఫ్రికా కొండచిలువ వణకదు. ఎండలో ఒళ్లు కాచుకొని వచ్చి గుడ్లను చుట్టుకుంటుంది, పిల్లలు పుట్టాక కూడా సుమారు రెండు వారాలు వాటి దగ్గరే ఉంటుందని 2018లో గ్రాహం అలెగ్జాండర్ వెల్లడించాడు.

చూలి బోవా:

బోవా తల్లి పని వేరు. దాని పొదుగుడంతా కడుపులోనే. బోవా కన్‌స్ట్రిక్టర్ చూలు సుమారు 5 నుంచి 8 నెలలు. ఆ నెలలలో ఆడపాము వెచ్చని చోటు వెతుక్కుంటుంది, ఒక్కోసారి పొట్టను పక్కకు తిప్పి వేడికి పెడుతుంది, చాలాసార్లు మేత మానేస్తుంది. పాశ్చాత్య దేశాలలో బోవాలను పెంచేవారు అనుభవంతో నేర్చుకున్న జాగ్రత్తలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. పెట్టెలో ఒక వైపు వెచ్చగా, మరొక వైపు చల్లగా ఉంచి ఎంపికను తల్లికే వదలాలి. ఊరికే ఎత్తి పట్టుకోకూడదు. తినకపోతే బలవంతం చేయకూడదు. నీళ్లు ఎప్పుడూ ఉండాలి. వేడి చాలకపోతే చచ్చిన పిల్లలు, ఫలించని పసుపు ముద్దలు పడతాయి. వినత తొందరకు అనూరుడు సగం దేహంతో పుట్టినట్లే, ఇక్కడా కాలానికి వేడికి లెక్క తప్పితే నష్టం పిల్లలకే. ఈ పెంపకపు పెట్టెలు శాస్త్రానికి మరో ఆశ్చర్యాన్నీ ఇచ్చాయి. ఒక ఆడ బోవా రెండు కాన్పులలో కన్న 22 పిల్లలకు తండ్రి లేడని, అన్నీ ఆడవేనని బూత్ బృందం జన్యుపరీక్షలతో తేల్చింది.

మన దేశంలో పరిస్థితి భిన్నం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొండచిలువను గాని, రెండుతలల పామును గాని పట్టి పెంచుకోవడం నేరం. అయినా రెండుతలల పాము అదృష్టం తెస్తుందనే మూఢనమ్మకంతో జరిగే దొంగ వ్యాపారం తెలుగు జిల్లాలలో ఇంకా ఆగలేదు. సంచిలో కుక్కి బేరానికి తిప్పే ఆ పాములలో చూలివి ఉంటే, వాటికి వెచ్చని చోటును ఎంచుకొనే వీలు ఉండదు. పొలంలో పొదుగుతున్న కొండచిలువ కనిపించినప్పుడు కూడా తల్లిని పట్టి అడవిలో వదిలేసి, గుడ్లను అక్కడే ఉంచడం రక్షణ కాదు. తల్లి లేని గుడ్లకు 31–32 డిగ్రీల వేడి, తగిన చెమ్మ రెండు నెలలపాటు మరొకరు అందించాలి.

పాము తన గుడ్లను తానే తింటుందని మా ఊళ్లో పెద్దలు చెప్పేవారు. కద్రువ తన కొడుకులనే శపించిన కథ ఆ నమ్మకానికి ఎంత బలమిచ్చిందో చెప్పలేను. ఆ విద్యార్థిని ఇప్పుడు పరిశోధక విద్యార్థిని. కద్రువ గుడ్లకు కుండలు ఎందుకు కావలసి వచ్చాయన్న ఆమె ప్రశ్నకు నా దగ్గర ఇంకా సరైన జవాబు లేదు. పాము పొదగదన్న మాటను మాత్రం వెనక్కు తీసుకున్నాను.