వంటగట్టుకు ఏ రాయి మంచిది? కొనే ముందు నిమ్మకాయ పిండి చూడండి

ఇల్లు కట్టేవాళ్లు హాల్లో టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతారు. వంటగట్టు రాయి దగ్గరికొచ్చేసరికి మేస్త్రీకి వదిలేస్తారు, లేదా రంగు నచ్చితే చాలనుకుంటారు. టైల్ పగిలితే ఒకటి మార్చుకోవచ్చు. గట్టు రాయి అలా కాదు. స్టవ్, సింక్, కింది అరలు అన్నీ దానితో ముడిపడి ఉంటాయి, పాడైతే వంటగది సగం విప్పాల్సిందే. రంజాన్‌లో రోజూ ఇఫ్తార్‌కు నిమ్మకాయలు పిండే ఇంట్లో, పండగకు బిర్యానీ డేగిసా దిగే ఇంట్లో ఆ రాయి పడే కష్టం షోరూమ్ లైట్ల కింద కనిపించదు.

షాపులో పేర్లు వంద వినిపించినా, వంటింటి లెక్కలో సహజమైన రాళ్లు రెండే జాతులు. ఒకటి సున్నపు జాతి. పాలరాయి, తాండూరు బండ, షాబాదు బండ, కడప బండ, బేతంచర్ల రాయి అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బోనేట్. దానికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ పడి కాసేపు నిలిస్తే ఆ చోట మెరుపు పోయి తెల్లగా మచ్చ కడుతుంది. చాలామంది దాన్ని మరక అనుకుని రుద్దుతూనే ఉంటారు. అది మరక కాదు, రాయి పైపొరను పులుపు తినేసిన గుర్తు. సబ్బుతో పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. మకరానా పాలరాయితో తాజ్ మహల్ కట్టారు, నిజమే. కానీ అక్కడ ఎవరూ ఖట్టీ దాల్ వండరు కదా! తాండూరు, షాబాదు బండలు నేలకు, కడప బండ అరలకు భేషుగ్గా పనికొస్తాయి. గట్టు పైభాగానికి మాత్రం వద్దు.

రెండోది గ్రానైట్ జాతి. ఇందులో ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలు చాలా గట్టివి. కూరల పులుపు వీటిని తినలేదు, మామూలు కత్తి గీరలేదు. ఈ రాయి కోసం తెలుగువాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ విదేశాలకూ వెళ్తుంది. నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసేది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. భూగర్భ శాస్త్రం ప్రకారం అది అసలు గ్రానైట్ కాదు, గాబ్రో కుటుంబానికి చెందిన రాయి. వంటింటికి ఆ తేడాతో పని లేదు. కరీంనగర్ టాన్ బ్రౌన్ మరో మంచి ఎంపిక. దాని గోధుమ రంగులో పసుపు, నూనె మరకలు అంతగా కనిపించవు. లేత రంగు గ్రానైట్ చూడ్డానికి బాగుంటుంది కానీ పసుపు పడితే దాచుకోలేదు. నల్లరాయి మీదేమో నీటి చుక్కలు ఆరిన గుర్తులు, దుమ్ము తెలిసిపోతాయి.

అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు, కొనబోయే పలక నుంచే చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. దాని మీద ఒక చోట నిమ్మరసం, ఇంకో చోట పసుపు కలిపిన నూనె వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున కడిగాక నిమ్మరసం పడ్డచోట మెరుపు పోతే, షాపువాళ్లు ఏ పేరు చెప్పినా అది సున్నపు జాతే. నూనె పడ్డచోట నల్లబడితే రాయి పీలుస్తుందన్నమాట. అది వద్దనలేం కానీ సీలర్ తప్పనిసరి. నల్లరాయి అయితే నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తడిపిన తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు నలుపు అంటితే అది రంగు పూసిన రాయి.

ఈ మధ్య షోరూమ్‌లు ఎక్కువగా చూపించేది క్వార్ట్జ్ పలకలు. ఇవి కొండలో దొరికేవి కావు. దాదాపు 90 శాతం క్వార్ట్జ్ పొడికి రెసిన్ కలిపి ఫ్యాక్టరీలో చేస్తారు. మరకలు తొందరగా పట్టవు, సీలర్ అక్కర్లేదు. కానీ పొయ్యి మీంచి దించిన డేగిసా నేరుగా పెడితే రెసిన్ మాడి మచ్చ పడుతుంది, ఇక పోదు. పెద్ద వంటలు చేసే ఇళ్లకు ఇది సరిపడదు.

దీనికి ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పలకలు కోసేటప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయం కాని జబ్బు తెస్తుంది. అందుకే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వీటిని నిషేధించింది. వండేవాళ్లకు ప్రమాదం లేదు, కోసేవాళ్లకే. గ్రానైట్‌లోనూ సిలికా ఉంటుంది కాబట్టి ఏ రాయినైనా ఇంటి బయట, నీళ్లు పోస్తూ, మాస్కు పెట్టుకుని కోయమని గట్టిగా చెప్పాలి. చాలామంది మేస్త్రీలు వంటగదిలోనే పొడిగా కోసేస్తారు. ఆ దుమ్ము ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లూ పీలుస్తారు.

బిగించేటప్పుడు రాయి మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోవాలి. సింక్, స్టవ్ కోసం కోసిన చోట్లే రాయి బలహీనం. అతుకు అక్కడ రాకూడదు, కింద ఆధారం ఉండాలి. అటక మీద సామాను తీయడానికి గట్టెక్కి నిలబడే అలవాటుతో సింక్ పక్కన పగుళ్లొస్తాయి. అంచు పాలిష్‌కు, సింక్ కటింగ్‌కు విడిగా డబ్బు అడుగుతారు. పలక మొత్తానికి బిల్లా, వాడినంతకేనా అన్నది కూడా ముందే తేల్చుకోవడం మేలు.

రోజువారీ శుభ్రానికి గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. బోరు నీళ్లున్న ఇళ్లలో ఇది మానేస్తే కుళాయి చుట్టూ తెల్లటి పొర గట్టిపడుతుంది. దాన్ని వదిలించడానికి బాత్రూం యాసిడ్ పోయడం పెద్ద పొరపాటు. అందులో బ్లీచ్ కలిస్తే విషవాయువే వస్తుంది. నూనె మరకకు వంటసోడాలో నీళ్లు కలిపి ముద్దలా చేసి మందంగా పూసి, ప్లాస్టిక్ కవర్ కప్పి రాత్రంతా ఉంచండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేయాలి. పసుపు మరక ఎండ తగిలేచోట ఉంటే కొన్ని రోజుల్లో దానంతటదే పల్చబడుతుంది.

గ్రానైట్ వేడికి తట్టుకున్నా, డేగిసా కింద కుదురు పెట్టడమే మంచిది. కాలిన రాయి మీద చన్నీళ్లు అసలే పోయొద్దు. బక్రీద్ మాంసం, ఎముకలు కొట్టడానికి నేల మీద చెక్కమొద్దు వాడాలి, గట్టు మీద వద్దు. పచ్చిమాంసం పెట్టిన చోటును వెంటనే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అతుకుల్లో, సింక్ అంచు సందుల్లో రక్తం, కొవ్వు చేరితే వాసనకు, క్రిములకు అదే మూలం. అక్కడి సిలికాన్ ఊడితే తీసేసి కొత్తది వేయించండి.

సీలర్ మళ్లీ ఎప్పుడు వేయాలన్నదానికి క్యాలెండర్ అక్కర్లేదు. స్టవ్ పక్కన కాసిని నీళ్లు వేసి పావుగంట ఆగాలి. చుక్కలు ముత్యాల్లా నిలిస్తే సరే, కింద రాయి నల్లబడితే సీలర్ అయిపోయినట్టే. రాత్రి గట్టు బాగా ఆరాక వేసి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, మిగిలింది తుడిచేస్తే పొద్దున వంట మొదలుపెట్టుకోవచ్చు.