మందుల చీటీ వెనుక చట్టాల చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు రాయవలసిందిగా కార్యవర్గం కోరింది. రెవెన్యూ మిత్రులకు జమాబందీ, ఉపాధ్యాయ మిత్రులకు బడుల తనిఖీ ఉన్నట్లే, 1974 నుంచి 2008 వరకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఫార్మసిస్టుగా పనిచేసిన నాకు చెప్పడానికి మందుల చట్టాల కథ ఉంది. ఇది కేవలం మా శాఖ గొడవ కాదు. మన సభ్యులలో రోజుకు నాలుగైదు రకాల మాత్రలు వేసుకోనివారు తక్కువ. ఆ మాత్ర అసలుదేనా, దానిని ఇచ్చే మనిషికి అర్హత ఉందా, దాని ధర న్యాయమైనదేనా అన్న మూడు ప్రశ్నలకు సమాధానంగానే ఈ చట్టాలన్నీ పుట్టాయి.

మా నందివెలుగు, తెనాలి ప్రాంతం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ పాత రోజులలో మలేరియా జ్వరానికి క్వినైనే దిక్కు. అయితే కొన్న పొట్లంలో క్వినైన్ ఎంత, పిండి ఎంత అని అడిగే చట్టం లేదు. 1919 నాటి విషపదార్థాల చట్టం విషాల అమ్మకాన్ని, 1930 నాటి ప్రమాదకర మందుల చట్టం నల్లమందు, కొకైన్ వంటి వాటిని అదుపు చేశాయే తప్ప, మామూలు మందు నాణ్యత జోలికి పోలేదు. కల్తీ మందులపై 1927లో కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో తీర్మానం వచ్చింది. 1930లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. మందులపై దేశమంతటికీ ఒకే చట్టం, పరీక్షించే ప్రయోగశాలలు, మందులిచ్చే వృత్తికి ఒక నియమావళి కావాలని ఆ సంఘం 1931లో నివేదించింది.

నివేదిక వచ్చిన తొమ్మిదేళ్లకు గాని చట్టం రాలేదు. ఈ విషయం అప్పట్లో రాష్ట్రాల చేతిలో ఉండేది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం 103వ సెక్షను ప్రకారం రాష్ట్ర శాసనసభలు తీర్మానాలు చేసి అధికారం అప్పగించిన తరువాతనే ఢిల్లీ 1940లో ఔషధ చట్టం చేయగలిగింది. దాని నిబంధనలు 1945లో వచ్చాయి. దుకాణాల లైసెన్సుల పద్ధతి 1947 నుంచి ఆచరణలోకి వచ్చింది. రాజ్యాంగం కూడా ఔషధాలను ఉమ్మడి జాబితాలోనే చేర్చింది. అందువలన చట్టం కేంద్రానిది, లైసెన్సు ఇచ్చేది, ఇన్‌స్పెక్టరును పంపేది రాష్ట్రం. ఎంత మంచి నిబంధన అయినా, రాష్ట్రంలో ఇన్‌స్పెక్టర్లు చాలినంతమంది లేకపోతే కాగితం మీదే ఉండిపోతుంది.

రెండవ ప్రశ్న, ఇచ్చే మనిషి ఎవరన్నది. దానికి సమాధానం 1948 నాటి ఫార్మసీ చట్టం. అంతవరకు ఆసుపత్రులలో మందు కలిపి ఇచ్చేవాడు కాంపౌండరు. రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో మిక్శ్చర్ పోసి, మోతాదులు తెలిసేలా కత్తిరించిన కాగితపు చీలికను సీసాకు అంటించేవాడు. చదువు రానివారికి ఆ కాగితమే డాక్టరు మాట. చట్టం వచ్చినప్పుడు ఈ అనుభవజ్ఞులను రోడ్డున పడేయలేదు. డాక్టరు చీటీలపై మందు కలిపి ఇచ్చే చోట అయిదేళ్లు పనిచేసినవారిని కూడా మొదటి రిజిస్టరులో చేర్చుకునే వీలు 31వ సెక్షను కల్పించింది. తరువాత వచ్చేవారికి మాత్రం చదువు, పరీక్ష తప్పనిసరి అయ్యాయి. నాకు పని నేర్పిన పెద్దాయన అలా మొదటి రిజిస్టరుకెక్కినవాడే. తన రిజిస్ట్రేషన్ కాగితాన్ని అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు. డాక్టరు చీటీపై మందు కలిపి ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టుదేనని, ఇతరులు చేస్తే శిక్షార్హమని చెప్పేది ఈ చట్టంలోని 42వ సెక్షను. తన వద్దకు వచ్చిన రోగులకు డాక్టరు స్వయంగా మందు ఇవ్వడానికి మినహాయింపు ఉంది.

అదే 1948లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన నడిచిన అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. మందులకు ఇంత శక్తి వచ్చాక చీటీ లేకుండా అమ్మడం ఎంత ప్రమాదమో లోకానికి తెలిసివచ్చింది. 1937లో అమెరికాలో సల్ఫా మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష ద్రవంలో కలిపి అమ్మగా నూరుమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ కొత్త చట్టం వచ్చింది. చీటీపై ఇవ్వవలసినవి, చీటీ లేకుండా ఇవ్వదగినవి అని మందులను 1951లో అక్కడ చట్టం ద్వారా స్పష్టంగా విడదీశారు. ఆ సవరణ తెచ్చిన డర్హమ్, హంఫ్రీ ఇద్దరూ పూర్వాశ్రమంలో ఫార్మసిస్టులే. అదే విషం 2022లో గాంబియాలో దగ్గు మందు రూపంలో పసిపిల్లల ప్రాణాలు తీసిందంటే, చట్టం ఉండటం వేరు, అమలు కావడం వేరు అని గ్రహించాలి.

మన నిబంధనలలో చీటీపై అమ్మవలసిన మందుల పట్టికకు షెడ్యూల్ హెచ్ అని పేరు. మత్తు, నిద్ర మందులలో కొన్నిటికి 1982లో షెడ్యూల్ ఎక్స్ వచ్చింది. ఆ మందుల చీటీ నకలును దుకాణదారు రెండేళ్లు దాచాలి. యాంటీబయాటిక్కులు పనిచేయకుండా పోతున్నాయన్న ఆందోళనతో 2013లో షెడ్యూల్ హెచ్1 ప్రకటించారు. అది 2014 మార్చి 1 నుంచి అమలైంది. మొదట అందులో 46 మందులు ఉన్నాయి. అవి అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మరోవైపు, వెయ్యి మందికి మించని పల్లెలలో పారాసిటమాల్, అయోడిన్ వంటి ఇంటి మందులను లైసెన్సు లేకుండా కిరాణా కొట్టులో అమ్ముకోవడానికి షెడ్యూల్ కె వీలు కల్పించింది. మా నందివెలుగు అంతకంటె పెద్ద ఊరు గనుక ఆ మినహాయింపు మాకు లేదు.

ఇక ధర మాట. చైనా యుద్ధకాలంలో మొదలైన అదుపు 1970 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వుతో స్థిరపడింది. అదే ఏడాది వచ్చి 1972లో అమలైన పేటెంటు చట్టం, మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. దానితో వేరే పద్ధతిలో అదే మందును చవకగా తయారు చేయడం సాధ్యమైంది. మన గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టి, హైదరాబాదు ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో సొంత కంపెనీ పెట్టిన డాక్టర్ అంజిరెడ్డి గారి తరం ఎదిగింది ఆ నీడలోనే. 2005 నుంచి మందుకే పేటెంటు ఇచ్చే పద్ధతి తిరిగి వచ్చింది. ధరల అదుపులో 1979లో 347 మందులుండగా 1987లో 142కు, 1995లో డెబ్బై పైచిలుకుకు తగ్గాయి. 2013 ఉత్తర్వు అత్యవసర మందుల జాబితాను ఆధారం చేసుకోవడంతో ఆ సంఖ్య మళ్లీ పెరిగింది. పింఛను మీద బతికేవారికి ఈ అంకెలే నెల ఖర్చు.

ఇంత చరిత్ర ఎందుకంటే, చాలా దుకాణాలలో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, మనిషి మరెక్కడో ఉంటాడు. ఇది చిన్న విషయం కాదు. మన సభ్యుడొకరికి ఇద్దరు డాక్టర్లు రెండు బ్రాండు పేర్లతో ఒకే రక్తపోటు మందు రాశారు. కౌంటరు వెనుక ఉన్న కుర్రవాడు రెండూ కట్టి ఇచ్చాడు. కళ్లు తిరిగి పడిపోయాక గాని సంగతి బయటపడలేదు. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసే ఫార్మసిస్టు అక్కడ ఉంటే ఒక్క నిమిషంలో పట్టుకునేవాడు. చోప్రా సంఘం కోరినదీ, నా గురువుగారు అద్దం కట్టించుకున్నదీ ఆ ఒక్క నిమిషం కోసమే.

కనుక సభ్య మిత్రులకు నా మనవి ఇది. మందు కొన్నప్పుడు బిల్లు అడగండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ సరిచూసుకోండి. అట్టమీద ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా కొనకండి, పాత చీటీతో మీకు మీరే వైద్యం చేసుకోకండి. అన్నిటికంటె ముందు, ఫార్మసిస్టు గారు ఎవరండీ అని అడగండి. అలా అడగడం తప్పేమీ కాదు, 1948 నుంచి చట్టం మనకు ఇచ్చిన హక్కు.