ఆలీఢం

మన ఇళ్ళల్లో కుస్తీ గోదాలు లేకపోయినా మన మాటలకి గోదా మట్టి బాగానే అంటుకుంది. తోడికోడళ్ళు కయ్యానికి కాలు దువ్వుతారు. ఇంట్లో పెళ్ళి కుదిరితే పక్కింటి పిన్నిగారు నడుం బిగిస్తారు. నాయకులు ఎన్నికల ముందు తొడలు చరుస్తారు, ఎన్నికలయ్యాక పిల్లిమొగ్గలు వేస్తారు. హనుమంతుడి ముందా కుప్పిగంతులని పిల్లల్ని ఆటపట్టించేదీ మనమే. సాము గరిడీల వాళ్ళవీ, ఆటగాళ్ళవీ ఎన్నో మాటలు ఇలా వంటింటి దాకా వచ్చేశాయి. పాపం, ఒక్క మాట మాత్రం నిఘంటువు గడప దాటలేదు. అదే ఆలీఢం.

పలకడానికి కాస్త కష్టమే లెండి. అమరకోశంలో క్షత్రియవర్గం తిరగేస్తే విలుకాళ్ళు నిలబడే తీరుల్లో ఇదొకటిగా కనిపిస్తుంది. ఒక మోకాలు వంచి, రెండో కాలు బాగా చాచి, విల్లు ఎక్కుపెట్టిన నిలుకడ అన్నమాట. ఏ కాలు వంచాలి, ఏ కాలు చాచాలి అన్నదాంట్లో శాస్త్రకారులందరిదీ ఒక మాట కాదు. కాళ్ళ మధ్య ఎడం ఐదు తాళాలని భరతుడి నాట్యశాస్త్రం అంటే, మూడు జానలని నందికేశ్వరుడి అభినయదర్పణం అంటుంది. ఎడమచేతికి శిఖరహస్తం, కుడిచేతికి కటకాముఖం. మీ అమ్మాయి నాట్యం నేర్చుకుంటుంటే ఓసారి పట్టి చూపించమనండి. ఒక చేత విల్లు, ఒక చేత నారి ఉన్నట్టే ఉంటుంది.

భరతుడు ఇంకో చక్కని సంగతి చెప్పాడు. ఆయుధాన్ని ఆలీఢంలో సిద్ధం చేసుకోవాలట, ప్రత్యాలీఢంలో, అంటే కాళ్ళు తారుమారు చేసి, వదలాలట. అంటే ఆలీఢం దెబ్బ కాదు, దెబ్బకి ముందు క్షణం. చూసేవాళ్ళకి ఊరికే నిలబడ్డట్టు ఉంటుంది. నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది ఒంట్లో ఏ నరం ఎంత బిగిసి ఉందో!

కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజును ఇలాగే నిలబెట్టాడు. తండ్రి దిలీపుడు చేస్తున్న నూరో అశ్వమేధంలో గుర్రాన్ని ఇంద్రుడు ఎత్తుకుపోతే, ఆ కుర్రవాడు ఆలీఢంలో నిలిచి దేవేంద్రుడి మీదికే విల్లెత్తాడు. ఇంద్రుడంటే ఎవరండీ? వానల దేవుడు.

ఆ వానల దేవుడు అలిగిన సీమ మనకొకటుంది. అనంతపురం. నైరుతి మేఘాలను పడమటి కనుమలే చాలావరకు పిండేసుకుంటాయి. ఈశాన్య మేఘాలకేమో తూర్పు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చే ఓపిక ఉండదు. ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల పేర్లు చెప్పేటప్పుడు జైసల్మేరు తర్వాత ఈ పేరే చెబుతారు. ఆలీఢం అన్న మాటకి "నాకబడినది" అనే అర్థం కూడా ఉంది. ఎండ నాకేసిన ఆ ఎర్రనేలకి ఇంతకన్నా సరిపోయే మాట ఉందా?

ఆ గడ్డమీదే, హిందూపురం దగ్గర లేపాక్షి ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గాని, కరువుకి కొత్త జిల్లా పాత జిల్లా తేడా లేదు. 1530 ప్రాంతాల్లో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించిన వీరభద్రాలయం అది. అక్కడి నాట్యమంటపంలో స్తంభాల మీద రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తాడు. తలెత్తి చూస్తే కప్పు మీద రంగుల్లో కిరాతార్జునీయం. ఒక్క పంది మీద శివుడి బాణం, అర్జునుడి బాణం! ఆ పోరులో అర్జునుడు గెలవలేదు, కానీ పాశుపతం దక్కింది. రఘువుకీ అంతే. గుర్రం తిరిగి రాలేదు, యాగఫలం మాత్రం దక్కింది. మన కథల్లో గట్టిగా నిలబడ్డవాడికి గెలుపు రాకపోయినా ఫలం వస్తుంది.

కరువుసీమలో విల్లెక్కడిదీ అంటారా? విత్తనమే విల్లూ అమ్మూను. దశాబ్దాల పాటు ఆ నేలల్ని ఏలిన పంట చెనక్కాయ. విత్తనాన్ని కాయగానే దాచి, విత్తే ముందు ఒలుచుకుంటారు. దాచేదీ ఒలిచేదీ చాలావరకు ఆడవాళ్ళే. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలే చెయ్యీ ఎక్కువగా ఆడదానిదే. తొలివానకి తొందరపడి విత్తితే, తర్వాత ఇరవై రోజులు చినుకు లేకపోతే, గింజ పోతుంది, అప్పు మిగులుతుంది. మరీ ఆగితే అదను దాటిపోతుంది. వదిలిన బాణమూ, నాటిన గింజా వెనక్కి రావు. "ఈ పదును చాలదు, ఇంకో వాన చూద్దాం" అని గింజల మూట మీద చెయ్యి వేసి కూర్చున్న ఇల్లాలిని తలుచుకోండి. ఆమె ఊరికే కూర్చుందా? అదే ఆలీఢం.

అయితే ఒకటుందండీ. ఏ నాట్యం పిల్లనైనా అడగండి, ఆ భంగిమలో కాసేపు ఉంచితే తొడలు వణికిపోతాయంటుంది. ఓర్పు గొప్పదని పొగిడి ఎదుటివాళ్ళని అలాగే నిలబెట్టి ఉంచడం ధర్మం కాదు. 1876-78 నాటి మహాకరువులో జరిగింది అదే. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు, బళ్ళారిలో భాగం. విడిపోయింది 1882లో. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ దొర కూలి తగ్గించాడు. పౌనంటే అరకిలోకు కూడా తక్కువే. ఎంత తక్కువ తిని మనిషి నిలబడగలడో చూద్దామన్న లెక్క! మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ ఇది చాలదని గట్టిగా వాదించాడు. అలాంటి రోజుల్లో విత్తనాల మూట విప్పి వండుకోక తప్పని తల్లిని ఎవరు తప్పు పడతారు? కానీ ఆ మూట విప్పాక వాన వచ్చినా వదలడానికి బాణం ఉండదు.

అందుకే కరువంటే వాన లేకపోవడం ఒక్కటే కాదు, వాన వచ్చేదాకా నిలబడే సత్తువ లేకపోవడం కూడా. ఇవాళ హంద్రీనీవా కాలువలో కృష్ణ నీళ్ళు కొంతమేర ఆ సీమకు చేరుతున్నాయి. చేరని ఊళ్ళల్లో సంసారం ఒక కాలు బెంగుళూరు కూలిపనుల వైపు చాచి, ఒక కాలు సొంత నేలమీద వంచి నిలబడి ఉంది. ఆ చాచిన కాలిని చూసి "ఊరు వదిలేశారు" అంటారు. వంచిన మోకాలు ఎవరికీ కనబడదు. అక్కడ ముసలివాళ్ళనీ, పిల్లల్నీ, రెండు గొర్రెల్నీ కాచుకుంటూ ఆడది ఉంటుంది.

కాలు దువ్వడాలూ, పిల్లిమొగ్గలూ మన మాటల్లోకి వచ్చాయి, బాగానే ఉంది. ఆలీఢాన్ని కూడా పిలుద్దామా? ఈసారి ఎవరైనా "ఆవిడ ఏం చేస్తోంది, ఊరికే ఇంట్లోనే ఉంటుంది" అంటే, "ఊరికే కాదండీ, ఆలీఢంలో ఉంది" అని చెప్పండి. అర్థం అడుగుతారు. అప్పుడు ఆ గింజల మూట సంగతి చెప్పవచ్చు.