గుండెకి పక్కింటి నొప్పి

మా అల్లవరంలో రొమ్ము దగ్గర కలుక్కుమంటే 'వాయువు' అనేసి ఇంత వాము నమిలేవారు. మొన్న మా పిన్నికి అదే నొప్పి వస్తే, ఇక ఆఖరి ఘడియేననుకుని కాసులపేరు తీసి కోడలి మెళ్లో వేసేసింది! అమలాపురంలో ఇసిజి తీసి, గుండె నిక్షేపంగా ఉందని చూసుకున్నాకే డాక్టరుగారు రొమ్ము ఎముక పక్కన వేలితో నొక్కారు. పిన్ని కెవ్వుమంది. పక్కటెముకని రొమ్ము ఎముకకి కలిపే మృదులాస్థికి తాపం వచ్చిందట.

ఈ నొప్పికీ చరిత్ర ఉందండోయ్! 1921లో జర్మన్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ టీట్సే, అక్కడే వాపుతో బాధపడుతున్న నలుగురి సంగతి రాశాడు. ఆయన ఊరు బ్రెస్లావ్, ఇప్పుడది పోలెండులో ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి మూడేళ్లు. తిండి చాలకేమోనని ఆయన అనుమానపడ్డాడు. అనుమానం నిలవలేదు గానీ పేరు నిలిచింది. వాపుంటేనే టీట్సే జబ్బు. వాపులేని నొప్పే ఎక్కువమందికి వస్తుంది. విడవని దగ్గు, బరువుపని దీన్ని తెచ్చిపెట్టొచ్చు. చాలాసార్లు కారణమే దొరకదు.

పిన్ని ఒక్కపూటలో పాతిక కొబ్బరికాయలు వొలిచిన సంగతి అప్పుడు బయటపడింది. కాపడం, నొప్పి మాత్రలు, కొన్ని వారాలు బరువులు ఎత్తకుండా ఉండటం, అంతే వైద్యం. నొక్కితే నొప్పి పుట్టింది కదా, గుండెది కాదులే అని ఇంట్లోనే తేల్చెయ్యొద్దని మాత్రం డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

కాసులపేరు ఇంకా కోడలి మెళ్లోనే ఉంది.