కోటలో పాదిరి, ఇసుకలో అక్షరాలు

చాప్లిన్ అనగానే మనకు చార్లీ చాప్లిన్ గుర్తొస్తాడు. ఇది ఆ చాప్లిన్ కాదు. సైన్యం, జైలు, ఆసుపత్రి, ఓడ వంటి చోట్ల ఉంటూ అక్కడివాళ్ల మంచిచెడ్డలు చూసే క్రైస్తవ గురువును చాప్లిన్ అంటారు. చాలాచోట్ల ఆయనకు జీతం ఇచ్చేది చర్చి కాదు, ఆ సంస్థే.

మన చెన్నపట్నంలో ఈ ఉద్యోగం చాలా పాతది. ఈస్టిండియా కంపెనీ వచ్చింది వ్యాపారానికి. అయినా తన ఉద్యోగులకు, సోల్జర్లకు ప్రార్థనలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు జరిపించడానికి చాప్లిన్లను పెట్టుకుంది. ఇప్పుడు తమిళనాడు శాసనసభ ఉన్న సెయింట్ జార్జి కోటలోనే 1680లో సెయింట్ మేరీ చర్చి ప్రారంభమైంది. చాప్లిన్లు ఇక్కడి భాష కూడా నేర్చుకోవాలని 1698 చార్టరులో రాశారు. మిషనరీలనైతే కంపెనీ చాలాకాలం అనుమానంగానే చూసింది. మతం మార్పిస్తే గొడవలొచ్చి వ్యాపారం దెబ్బతింటుందని దాని భయం.

ఈ చాప్లిన్లలో ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు ఆయన ఒకడు. 1787లో మద్రాసు వచ్చాడు. 1789లో ఎగ్మూరులో సోల్జర్ల పిల్లల కోసం పెట్టిన అనాథాశ్రమానికి పెద్ద అయ్యాడు. ఆ పిల్లల్లో చాలామందికి తండ్రులు తెల్లవాళ్లు, తల్లులు ఈ దేశంవాళ్లు. ఒకరోజు బెల్ ఒక వీధి బడి పక్కగా వెళ్తుంటే, పిల్లలు నేలమీద ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దుకుంటున్నారు. పలక అక్కర్లేదు, కాగితం ఖర్చు లేదు! ఆశ్రమంలోనూ అలాగే చెప్పమంటే అక్కడి మాస్టర్లు ఇష్టపడలేదు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ పని అప్పజెప్పాడు. వాడు చక్కగా నేర్పించాడు. అలా పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతి ఆశ్రమంలో స్థిరపడింది.

బెల్ తిరిగి వెళ్లి 1797లో లండన్‌లో దీనిమీద పుస్తకం వేశాడు. దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది. 1811లో మొదలైన నేషనల్ సొసైటీ తన బడుల్లో ఆ పద్ధతినే పెట్టి పేద పిల్లలకు చదువు చెప్పింది. స్కాట్లాండులో బెల్ ఇచ్చిన డబ్బుతో కట్టిన బడి పేరు ఇప్పటికీ మద్రాసు కాలేజీయే.

మరి ఆ వీధి బడి పంతులుగారి పేరేమిటి? ఎవరూ రాసిపెట్టలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆశ్రమం పిల్లలను తల్లుల నుంచి దూరంగా ఉంచాలనే బెల్ కోరుకున్నాడు. కానీ ఆయనకు కీర్తి తెచ్చిన చదువు మాత్రం ఆ తల్లుల దేశానిదే. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తెలుగు, కన్నడ బడులను చూసి, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సరైనదేనని రిపోర్టు రాశాడు.

నేడు మన భారత సైన్యంలో పాదిరితోపాటు పండితుడు, మౌల్వీ, గ్రంథీ కూడా ఉంటారు. అందరి సంస్థలో గురువు పని తనవాళ్లను చూసుకోవడం ఒక్కటే కాదు, పక్కవాళ్ల మంచిని గుర్తించడం కూడా. బెల్ పక్కవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు, అది గొప్పే. నేర్పినవాళ్లను గౌరవించి ఉంటే ఇంకా గొప్పగా ఉండేది.