మా క్లోయిన్ కన్న క్రిస్టీ రింగ్

ఐర్లండ్ దక్షిణ కొసన, కార్క్ నగరానికి తూర్పున ఉన్న చిన్న ఊరు మా క్లోయిన్. పాత కథీడ్రల్, రోడ్డుకు అవతల వందడుగుల రాతి బురుజు, ఇవి చూడటానికి జనం వస్తారు. తత్వవేత్త జార్జ్ బర్క్‌లీ 1734 నుంచి ఇక్కడ బిషప్‌గా పనిచేశాడు. ఇవన్నీ గొప్పవే. ఊరివాళ్లను కదిలిస్తే మాత్రం మాట క్రిస్టీ రింగ్ మీదికే పోతుంది.

రింగ్ ఆడింది హర్లింగ్. జట్టుకు పదిహేను మంది, తోలు బంతి, చేతిలో హర్లీ అనే కర్ర. బంతి అడ్డుకర్ర కిందుగా పోతే గోల్, అంటే మూడు పాయింట్లు; పైనుంచి పోతే ఒకటి. హర్లీ కోసం యాష్ చెట్టును మొదలంటా, కాండం వేరులోకి ఒంగే చోట కోస్తారు. చెక్క పీచు ఆ ఒంపు వెంటే తిరుగుతుంది కాబట్టి కర్ర చివరి వెడల్పు భాగం దెబ్బకు తొందరగా చీలదు. ఆ కర్ర పట్టడం రింగ్ నేర్చుకున్నది ఈ నేల మీదే.

అతను 1920 అక్టోబరు 30న పుట్టాడు. 1939లో కార్క్ కౌంటీ సీనియర్ జట్టులోకి వెళ్లి 1963 దాకా ఆడాడు. ఈ ఆటలో జీతాలు లేవు. చమురు కంపెనీ లారీ నడుపుతూ ఆడాడు. ఊరికి కష్టం కలిగించిన సంగతి ఒకటుంది. 1941లో అతను మా క్లబ్బు వదిలి నగరంలోని గ్లెన్ రోవర్స్‌కు వెళ్లాడు. ఆ చొక్కాతోనే క్లబ్బుల పోటీలో 14 సార్లు కౌంటీ ఛాంపియన్ అయ్యాడు. మా పేరు ఒక్కదాంట్లోనూ లేదు. అయినా అతను మావాడే అంటాను నేను. చెయ్యి తిరిగింది ఇక్కడ కదా!

కార్క్ తరఫున అతనికి ఆల్ ఐర్లండ్, అంటే కౌంటీ జట్ల జాతీయ పోటీ, పతకాలు ఎనిమిది: 1941 నుంచి 44 దాకా వరసగా నాలుగు, 1946లో ఒకటి, 1952 నుంచి 54 దాకా మూడు. 1946, 53, 54ల్లో కెప్టెన్ అతనే. మూడుసార్లు గెలిచిన కెప్టెన్లు చాలా కొద్దిమందే. 1954లో వెక్స్‌ఫోర్డ్‌తో ఫైనల్‌కు 84,856 మంది వచ్చారు. 1946లో కిల్‌కెన్నీ మీద మైదానం నడిమి నుంచి బంతితో పరుగెత్తి కొట్టిన గోల్‌ను ఇప్పటికీ తలుచుకుంటారు.

నాకు మటుకు అన్నిటికన్నా పెద్దది అతను ఓడిన 1956 ఫైనల్. కార్క్‌లో పోలియో ప్రబలడంతో ఆట సెప్టెంబరు 23కు వాయిదా పడింది. తొమ్మిదో పతకం కోసం వచ్చిన రింగ్‌కు ముప్ఫై ఆరేళ్లు నిండవస్తున్నాయి. ఆట ముగియబోతుండగా అతను కొట్టిన బంతిని వెక్స్‌ఫోర్డ్ గోల్‌కీపర్ ఆర్ట్ ఫోలీ ఆపేశాడు. రింగ్ దగ్గరికి వెళ్లి అతనితో చేయి కలిపాడు. ఆ బంతి అవతలికి చేరి వెక్స్‌ఫోర్డ్‌కు గోల్ అయింది. ఆట అయ్యాక వెక్స్‌ఫోర్డ్ ఆటగాళ్లు నిక్ ఓడొన్నెల్, బాబీ రాకర్డ్ తమ గెలుపు పక్కన పెట్టి, ఓడినవాణ్ణి భుజాలకెత్తుకుని తీసుకెళ్లారు. గెలిచినవాళ్ల మర్యాద అది.

1979 మార్చి 2న రింగ్ ఉన్నట్టుండి పోయాడు. అప్పటి ప్రధాని జాక్ లించ్ ఒకప్పటి సహచరుడు. క్లోయిన్‌లో సమాధి దగ్గర మాట్లాడింది ఆయనే. ఊరు విడిచి ఆడినవాణ్ణి చివరికి ఊరే ఉంచుకుంది. ఇప్పుడు ఊళ్లో అతని విగ్రహం ఉంది.

రింగ్ వదిలి వెళ్లిన మా క్లబ్బు కూడా కౌంటీ సీనియర్ కప్పు కోసం 2004, 2005, 2006ల్లో వరసగా ఫైనల్ ఆడింది. కార్క్‌కు ఆల్ ఐర్లండ్ తెచ్చినవాళ్లలో ఉన్న డొనల్ ఓగ్ క్యూసాక్, డియర్మిడ్ ఓసలివన్ మావాళ్లే. అయినా మూడూ ఓడాం. రింగ్ పద్నాలుగు సార్లు నగరానికి తెచ్చిన ఆ కప్పు క్లోయిన్ గడప ఇంకా తొక్కలేదు.